తెల్లబట్ట: ఊహించి కాదు, పరీక్షించి మందు వాడుదాం



"తెల్లబట్ట అవుతోందమ్మా, వేడి చేసింది" అని శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ల నుండి వచ్చే తల్లులు మాతో చెబుతుంటారు. కొందరు సిగ్గుపడి నెలల తరబడి దాచుకుంటారు. మరికొందరు మందుల షాపులో ఏదో మాత్ర అడిగి వాడి, తగ్గకపోతే వస్తారు.

కొద్దిపాటి తెల్లని స్రావం సహజమే. అది పలుచగా, బూడిద రంగులో, చేపల వాసనతో ఉంటే బాక్టీరియల్ వెజినోసిస్ కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీలలో నూటికి 23 నుండి 29 మందికి ఇది ఉంటుంది.

ఎందుకు వస్తుంది?

యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే సూక్ష్మజీవులు ఉంటాయి. ఇవి పాలను పెరుగుగా తోడుకునేలా చేసే సూక్ష్మజీవుల జాతివే. ఇవి తయారుచేసే ఆమ్లం మనకు రక్షణ. ఇవి తగ్గి, గార్డ్‌నెరెల్లా వంటివి పెరిగితే ఈ సమస్య వస్తుంది. వేడి దీనికి కారణం కాదు.

ఎలా తెలుసుకుంటారు?

స్రావం తీరు, ఆమ్లత్వం, వాసన, సూక్ష్మదర్శినిలో కనిపించే కణాలు అనే నాలుగు గుర్తులలో మూడు ఉంటే వ్యాధి ఉన్నట్లే. 1983 నుండి వైద్యులు ఈ పద్ధతి వాడుతున్నారు. ఖర్చు తక్కువ, చాలామందికి ఇదే సరిపోతుంది.

అనుమానం తీరకపోయినా, జబ్బు మళ్లీ మళ్లీ వస్తున్నా మాలిక్యులర్ పరీక్ష ఉపయోగపడుతుంది. 2020, 2021లో కరోనా కోసం ముక్కులో పుల్ల పెట్టి చేసిన పి.సి.ఆర్. పరీక్ష మనకు గుర్తుండే ఉంటుంది. ఇదీ ఆ కోవకు చెందినదే, సూక్ష్మజీవుల జన్యుపదార్థాన్ని వెతుకుతుంది. అయితే ఒక తేడా ఉంది. గార్డ్‌నెరెల్లా ఆరోగ్యవంతుల్లోనూ ఉంటుంది. అందుకే అది ఉందా లేదా అని మాత్రమే కాక, మేలు చేసేవి ఎన్ని, కీడు చేసేవి ఎన్ని అని చూస్తారు. అమెరికాలో ఇటువంటి ఒక పరీక్షకు 2016లో అనుమతి లభించింది. అదే నమూనాలో ఫంగస్‌ను, ట్రైకోమోనాస్‌ను కూడా గుర్తించవచ్చు. ఇది ముఖ్యం. ఎందుకంటే ఫంగస్‌కు మందు వేరు, ట్రైకోమోనాస్ ఉంటే భర్తకూ చికిత్స కావాలి.

నమూనాను స్త్రీ తానే తీసి ఇవ్వవచ్చు. మేడ్చల్ పరిసర గ్రామాల స్త్రీలు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరిశోధనలో ఇలాగే ఇచ్చారు. ఆ ఫలితాలు 2009లో వెలువడ్డాయి.

గుర్తుంచుకోండి

• ఏ బాధా లేకపోతే ఈ ఖరీదైన పరీక్ష అవసరం లేదు.
• సబ్బుతో, మందు నీళ్లతో యోని లోపల కడగవద్దు.
• వాసన పోయినా డాక్టరు చెప్పినన్ని రోజులూ మందు వాడండి.
• గర్భిణులు ఆలస్యం చేయవద్దు. నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం పెరుగుతుంది.
• మళ్లీ మళ్లీ వస్తుంటే భర్తతో కలిసి రండి. భర్తకు కూడా చికిత్స చేస్తే జబ్బు తిరిగి రావడం తగ్గుతుందని 2025లో ఆస్ట్రేలియా పరిశోధన తేల్చింది.

ఇది ఎవరి నడవడికకూ మచ్చ కాదు. అత్తలు, అమ్మలు ఇంట్లోని ఆడపిల్లలకు ఈ మాట చెప్పి, ధైర్యంగా పరీక్షకు తీసుకురావాలని మా మనవి.