బావుల లెక్క – కంప్యూటరు పట్టికలోనికి రాకడ

కర్నూలు, కడప సీమలలో బోరు ఎండినదను మాట క్రొత్త కాదు. ఎప్పటినుండి ఎండుచున్నదో చెప్పగల లెక్క మాత్రము అరుదు. ఈ శతాబ్దపు తొలి దశాబ్దమున, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో సాగిన ఎ.పి.ఎఫ్.ఎ.ఎం.జి.ఎస్. పథకమున ఈ రెండు జిల్లాల రైతులును చేరి, వానను, బావినీటి లోతును స్వయముగా కొలిచి, రబీకి ముందు గ్రామపు నీటి పద్దు వేసికొనిరి. వరి వేయుటయా, శనగతో సరిపెట్టుకొనుటయా యన్నది ఆ పద్దును బట్టి తేలెడిది.

అట్టి కొలతలు దూరముననున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో నున్నవనుకొందము. వానిని గ్రామమందలి కంప్యూటరులోని ఎక్సెల్ పట్టికకు తెచ్చుటెట్లు? చూచి చేతితో ఎక్కించుట వలదు. పది వరుసలు దాటిన పిమ్మట తప్పు దొరలక మానదు.

రెంటికిని నడుమ దుబాసి యొకడు కావలెను. ఆ దుబాసియే ఓడీబీసీ డ్రైవరు. ఎక్సెల్ 64 బిట్లదైన డ్రైవరును 64 బిట్లదే కావలెను; 32 అయినచో 32. చాలమంది ఇచ్చటనే చిక్కుపడుదురు. డ్రైవరులలో 'యూనికోడ్' అనుదానిని ఎన్నుకొనుడు. లేనిచో తెలుగు గ్రామనామములు ప్రశ్నార్థకములుగా మారవచ్చును.

పిమ్మట విండోసులోని 'ఓడీబీసీ డేటా సోర్సెస్' తెరచి, 'యాడ్' నొక్కి, సర్వరు చిరునామా, పోర్టు సంఖ్య (సాధారణముగా 5432), డేటాబేసు పేరు, వాడుకరి పేరు, రహస్యపదము నింపవలెను. చదువుటకు మాత్రమే హక్కుగల వాడుకరి పేరునే అడిగి తీసికొనుట మేలు. 'టెస్ట్' నొక్కి చూడుడు. కుదిరినచో ఎక్సెల్‌లో 'డేటా', 'గెట్ డేటా', 'ఫ్రమ్ అదర్ సోర్సెస్', 'ఫ్రమ్ ఓడీబీసీ' అను వరుసను పోయి, కావలసిన పట్టికను ఎన్నుకొని 'లోడ్' అనవలెను. మరుసటి పక్షము 'రిఫ్రెష్ ఆల్' నొక్కిన చాలును, క్రొత్త కొలతలు వచ్చి చేరును.

జిల్లా పేరుతో వెదకువారికి ఒక హెచ్చరిక. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరు జిల్లా యైనది. కర్నూలు అని మాత్రమే అడిగినచో, పాత వరుసలలో నున్న నంద్యాల బావులు క్రొత్త వరుసలలో కానరాకపోవచ్చును. పేరుకన్న గ్రామపు సంకేతసంఖ్యను నమ్ముట క్షేమము.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచినది ఎండిన బోరు సంగతి. నీరు లేనిచో కొలత లేదు. గడి ఖాళీగా వచ్చును. మూడు బోర్లలో నీటి లోతు 20, 30, 40 మీటర్లు, సగటు 30. మూడవది ఎండెను, తక్కిన రెండును కదలలేదు. ఎక్సెల్ ఖాళీ గడిని విడిచి సగటు 25 అని చూపును. ఒక బోరు పోగా నీరు 5 మీటర్లు పైకి వచ్చినట్లు కనబడును! అంతేకాదు, మూడవ బోరు పాతకొలతనుండి క్రొత్తదానిని తీసివేసినచో, ఖాళీని సున్నగా నెంచి 40 మీటర్లు పెరిగినదనును. ఆ లెక్క చూచి వరి నాటిన రైతు గతి యేమి?

కావున డేటాబేసులోనే 'స్థితి' యను గడి యొకటి యుంచి, 'ఎండినది' అని వ్రాయించుడు. సగటు ప్రక్కన ఎండిన బోర్ల సంఖ్యను విడిగా చూపుడు. రెండు పక్షములలోను నీరున్న బోర్లను మాత్రమే పోల్చి సగటు కట్టుడు. దిగుమతి యైన తొలినాడు ఐదారు బావుల అంకెలను రైతుల పుస్తకములతో సరిచూచిన పిదపనే నీటి పద్దునకు కూర్చుండవలెను.