సరిహద్దు వాకిట

తెలుగువారి సముద్రతీరమున మోటుపల్లి యను ప్రాచీనమైన రేవు కలదు. అది నేటి బాపట్ల జిల్లాలోనిది. పూర్వము ఓడలు గాలివానకు పగిలి ఒడ్డునకు కొట్టుకొని వచ్చినప్పుడు రాజులు అందలి సరుకునంతయు హరించుచుండిరి. కాకతీయ గణపతిదేవచక్రవర్తి ఆ యన్యాయమును మాన్పి, విదేశ వర్తకులు నిర్ణీతమైన సుంకము మాత్రమే చెల్లించిన చాలునని 1244 ప్రాంతమున అచట శాసనము వేయించెను. అదియే మోటుపల్లి అభయశాసనము. న్యాయముగ నడచు బాటసారి సరిహద్దు వాకిట భయపడ నక్కరలేదు. అయితే అతడు చేయవలసిన పని యొకటి కలదు. అది తనకడ ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుట.

నేడు తెలుగునాటి నుండి ఎందరో విద్యార్థులు, ఉపాధ్యాయులు, పరిశోధకులు అమెరికా సంయుక్త రాష్ట్రములకు పోవుచున్నారు. వారిలో కొందరు వినిమయ సందర్శకులు. పరదేశమున కొంతకాలము నివసించి, అచటి విద్యను, ఆచారములను నేర్చి, తమవి వారికి తెలిపి, తిరిగి స్వదేశమునకు వచ్చుటయే వినిమయము. 1961లో ఆ దేశము చేసిన చట్టము దీనికి ఆధారము. ఇట్టివారికిచ్చు వీసాకు జె-1 అని పేరు.

గుంటూరు ప్రాంతపు బాలిక యొకతె ఇట్లు ఒక సంవత్సరము అచటి ఉన్నత పాఠశాలలో చదువుటకు ఎంపికయైనదనుకొనుడు. ఆమె పెట్టెలు సర్దుటకు ముందు కాగితములు సర్దుకొనవలయును. పాస్‌పోర్టు, అందలి వీసా, పథకమును నడుపు సంస్థ పంపిన డి.ఎస్.-2019 అను పత్రము, రుసుము చెల్లించిన రసీదు, బసచేయబోవు ఇంటి చిరునామా, ఇవి యన్నియు చేతిసంచిలోనే ఉండవలయును. పెద్దపెట్టెలో పెట్టినచో అవి సమయమునకు అందవు. ఏలయన ఇమిగ్రేషన్ తనిఖీ ముగిసిన తరువాతనే ఆ పెట్టెలు చేతికి వచ్చును. పత్రములో వ్రాసిన ఆరంభ దినమునకు 30 దినములకంటె ముందుగా ప్రవేశము లభింపదు. కావున టిక్కెట్టు కొనునప్పుడే ఆ తేదీని చూచుకొనవలయును.

వీసా గుమ్మము వరకు మాత్రమే తెచ్చును. లోనికి రానిచ్చువాడు అధికారి. ఏ పాఠశాలకు పోవుచున్నావు, ఎవరి యింట ఉందువు, ఎంతకాలము ఉందువు అని అతడు అడుగును. సూటిగా ఉత్తరము చెప్పవలయును. ప్రశ్న బోధపడనిచో మరల చెప్పుడని కోరుట తప్పు కాదు. వ్రేలిముద్రలు, ఛాయాచిత్రము తీసికొందురు. ప్రవేశ వివరములు ఐ-94 అను పేర నమోదగును. అందు తప్పులున్నవేమో తరువాత సరిచూచుకొనవలయును.

ఆ పిమ్మట సుంకపు తనిఖీ. ఇచట పెక్కుమంది పొరబడుచుందురు. 10,000 డాలర్లకు మించిన ధనము తెచ్చుట నేరము కాదు. తెచ్చి చెప్పకుండుట నేరము. మందులను కొన్న డబ్బాలలోనే ఉంచి, వైద్యుని చీటీని వెంట తెచ్చుకొనవలయును. ఊరగాయ మొదలు ఎండుపొడి వరకు తినుపదార్థము లేవి ఉన్నను చెప్పవలయును.

బాలిక తల్లి బిడ్డకు పరదేశమున రుచి దొరకదేమోయని గుప్పెడు పచ్చి కరివేపాకు తడిగుడ్డలో చుట్టి పెట్టెలో నొక మూల ఉంచినది. “ఆకులు, పండ్లు, విత్తనములు ఏమైన ఉన్నవా?” అని అధికారి అడుగును. చెప్పినచో అమ్మ పెట్టినది పోవును. చెప్పకున్న ఎవరికి తెలియునని మనస్సు ఊగులాడును. కాని తెలియు మార్గములు కలవు. వాసన పట్టు కుక్కలు అచట తిరుగుచుండును. దాచినట్లు తేలినచో మొదటి తప్పునకు సైతము 1,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చును. ముందుగ చెప్పినచో ఆకును మాత్రము తీసికొని నాశనము చేయుదురు, జరిమానా లేదు.

గుప్పెడాకుకు ఇంత కట్టడి ఏల? నారింజ, నిమ్మ జాతుల చెట్ల రసము పీల్చు చిన్న పురుగు కరివేప లేజిగుళ్లపై కూడ గ్రుడ్లు పెట్టును. అది మోసికొనిపోవు సూక్ష్మజీవి సోకిన చెట్టుకాయలు పండక, చేదెక్కి రాలిపోవును. చెట్టు క్రమముగ క్షీణించును. దానిని నయము చేయు మందు లేదు. ఫ్లారిడా రాష్ట్రమున ఈ తెగులు 2005లో బయటపడెను. ఆ తెగులు, పెనుగాలులు కలిసి ఇరువది యేండ్లలో అచటి నారింజ దిగుబడిని నాలుగవ వంతుకంటె తక్కువకు దింపినవి. బత్తాయి తోటలు పెంచు తెలుగు రైతునకు ఆ బాధ వేరుగ చెప్పనక్కరలేదు.

బాలిక “ఉన్నది” అని చెప్పి మూట తీసి ఇచ్చును. అమ్మ చేతితో చుట్టిన గుడ్డ విప్పునప్పుడు ఆమె కన్నులు చెమర్చవచ్చును. అయినను తనకు ఆతిథ్యమీయనున్న దేశమునకు ఆమె వలన కీడు జరుగలేదు. ఆ దేశమున ఆమె తొలిసారి చెప్పిన మాట సత్యమైనది. మోటుపల్లి శాసనము నాడు బాటసారికి అభయమిచ్చినది. ఏ కాలమునందైనను ఆ అభయమును నిలుపుకొనవలసినది బాటసారియే.