మొరిగేది కుక్క, మాట్లాడాల్సింది మనం

ఇంటికీ ఇంటికీ నడుమ ఒక్క గోడే అడ్డమున్న చోట, పక్కింటి కుక్క రాత్రంతా మొరిగితే పోయేది నిద్ర ఒక్కటే కాదు. పొద్దున లేస్తూనే పిల్లల మీద చిరాకు, పనిలో పరధ్యానం, ఆ ఇంటివాళ్లు ఎదురైతే మొహం తిప్పుకోవడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కర్ణాటకలోని పావగడ తాలూకా రాయచెర్లు సంగతే తీసుకోండి. దాదాపు 13 వేల ఎకరాల సోలార్ పార్కు పరుచుకున్న 5 ఊళ్లలో అదొకటి. అలాంటి ఊళ్లో, ఆ పార్కులో రాత్రి కాపలా డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునే మనిషికి పట్టపగటి మొరుగుడు కూడా నరకమే.

పల్లెలో పక్కింటివాళ్లు ఏడాదికోసారి మారిపోరు. మన తాతల నాటి నుంచీ ఉన్నవాళ్లు, మన మనవళ్ల నాటికీ ఉండేవాళ్లు. కాబట్టి మనకు నిద్రా కావాలి, పొరుగూ కావాలి. రెండూ దక్కాలంటే అడగడం తెలియాలి. అడగకుండా పళ్లు బిగబట్టి ఓర్చుకుంటే ఆ కోపం ఏదో ఒకరోజు బద్దలవుతుంది. 2024 మేలో హైదరాబాద్ మధురానగర్ పోలీస్ స్టేషన్ పరిధిలో ఒక పెంపుడు హస్కీ గురించి రేగిన గొడవ, ఒక కుటుంబాన్నీ వాళ్ల కుక్కనూ వీధిలో కర్రలతో కొట్టేదాకా పోయింది. చివరికి మిగిలింది దెబ్బలు, కేసులు.

ముందు కారణం చూడండి

కుక్క ఊరికే మొరగదు. మనిషి చెవికి 20 వేల హెర్ట్జ్ దాకా వినిపిస్తే, కుక్కకు 45 వేల దాకా వినిపిస్తుంది. మనకు అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కూడా దానికి ఏదో వినబడుతూనే ఉంటుంది. దానికి తోడు భయం, ఒంటరితనం, ఆకలి, నొప్పి, ఏమీ తోచకపోవడం.

నాలుగైదు రోజులు గమనించండి. ఎప్పుడు మొదలవుతోంది? ఎవరిని చూసి? ఎంతసేపు? చాలా ఇళ్లలో కనబడేది ఇదే: గేటు పక్కన స్తంభానికి రెండు మూరల గొలుసు, ఎదురుగా వీధి, కాలు చాచినా అందనంత దూరంలో బోర్లాపడిన నీళ్ల గిన్నె. వీధిలో బండి వస్తుంది, కుక్క మొరుగుతుంది, బండి వెళ్లిపోతుంది. బండి ఎలాగూ పోయేదే. కానీ తానే తరిమానని కుక్క నమ్ముతుంది. రోజుకు ఇన్నిసార్లు గెలిచే కుక్క మొరగడం ఎందుకు మానుతుంది? దాన్ని వీధి కనబడని చోట కట్టేస్తే సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

గోడ మీద నుంచి మనం కేకలేస్తే మాత్రం లాభం లేదు. మనమూ తనతో గొంతు కలిపామనుకుని అది ఇంకా రెచ్చిపోతుంది.

చిన్న పని అడగండి

నిద్ర చెడిన కోపంలో రాత్రి 2 గంటలకు తలుపు తట్టకండి. నలుగురిలో నిలదీయకండి. పరువు పోయిందనుకున్న మనిషి న్యాయం వినడు. పొద్దున పనులు తెమిలాక, ఆయన ఒక్కడే ఉన్నప్పుడు వెళ్లండి.

‘మీ కుక్కతో చస్తున్నాం, ఏదో ఒకటి చెయ్యండి’ అంటే ఆయనకు తోచే పని ఏదీ ఉండదు, తోచేది తిరుగు జవాబే. అదే ఇలా చెప్పి చూడండి: ‘అన్నా, మా చిన్నోడు రెండు దినాలుగా నిద్రపోలేదు. గేటు కాడ ఉండేసరికి వచ్చేపోయే ప్రతి బండికీ మొరగతా ఉంది. రాత్రి పది దాటినాక దాన్ని వెనకపక్క కట్టేస్తే మాకు అంతే చాలన్నా.’

ఇందులో మన కష్టం ఉంది, మనం చూసిన కారణం ఉంది, ఆయన ఈ రాత్రే చేయగలిగిన ఒక్క పని ఉంది. నింద లేదు. మనిషిని వేరుగా, సమస్యను వేరుగా చూడమని రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో ‘గెట్టింగ్ టు యెస్’ పుస్తకంలో చెప్పిన పద్ధతి ఇదే. రాత్రి డ్యూటీ చేసేవాళ్లు తమ నిద్రవేళ కూడా చెప్పాలి. చెప్పకపోతే పక్కింటివాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఆయన మాటా వినండి. దొంగల భయంతో పెంచుతున్నారేమో, గొర్రెలకు కాపలా కోసమేమో. పగలంతా చేన్లో ఉంటే మొరుగుడు ఆయన చెవిన పడే అవకాశమే లేదు. ‘మీరు లేనప్పుడు నీళ్లు నేను పోస్తా’ అనండి. యజమాని ఒప్పుకుంటే, కుక్క నెమ్మదిగా ఉన్నప్పుడు రొట్టెముక్క వేయండి. మొరిగేటప్పుడు మాత్రం వేయకండి, మొరిగితేనే తిండి దొరుకుతుందని నేర్చుకుంటుంది. ఒక్క రాత్రి ప్రశాంతంగా గడిచినా వెళ్లి ‘నిన్న హాయిగా పడుకున్నామన్నా’ అని చెప్పండి. ఆ మాటే రెండో రాత్రికి భరోసా.

మాట వినకపోతే

రెండు మూడుసార్లు మంచిగా అడిగినా మార్పు లేకపోతే, ఇద్దరికీ గౌరవమున్న పెద్దమనిషిని కలుపుకోండి. తర్వాత తేదీలు, వేళలు రాసి గ్రామ పంచాయతీ అభివృద్ధి అధికారికి (పీడీవో) అర్జీ ఇవ్వండి. అక్కడా తెగకపోతే, పావగడ వాళ్లకైతే మధుగిరి అసిస్టెంట్ కమిషనర్ (ఏసీ) ఉన్నారు. నలుగురికీ ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని ఆ అధికారి ఆదేశించే దారి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్‌లో ఉంది.

చట్టం రెండువైపులా చూస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. మొరగడం కుక్క సహజ గుణమని, అయినా రాత్రిళ్లు దాన్ని నెమ్మదిగా ఉంచేందుకు యజమాని ప్రయత్నించాలని జంతు సంక్షేమ మండలి 2015లో చెప్పింది. కుక్కను అలవాటుగా కట్టేసి, తిప్పకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. అంటే గొలుసు విప్పి రోజూ తిప్పితే కుక్కకూ మేలు, మనకూ నిద్ర.

విషం పెట్టాలన్న ఆలోచన మాత్రం దగ్గరికి రానివ్వకండి. అది నోరులేని ప్రాణి మీద ఘాతుకం. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు. కుక్క నొప్పితో మూలుగుతోందనిపిస్తే 1962కు ఫోన్ చేయమని యజమానికి చెప్పండి, పశువైద్య సాయం అందుతుంది.

పొలం గట్టు తగాదా అయినా, బోరు నీళ్ల పంచాయితీ అయినా, ఆఫీసులో పై అధికారితో పేచీ అయినా పనికొచ్చే నేర్పు ఇదే. కారణం కనిపెట్టి, కష్టం చెప్పి, చేయగలిగిన పని ఒక్కటి అడిగేవాడి మాటకు విలువ పెరుగుతుంది. ఆ నేర్పు పక్కింటి గుమ్మం దగ్గరే మొదలుపెట్టండి.