521 ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది?

ఏజెన్సీలోనో, కొరియర్ ఆఫీసులోనో, మందుల హోల్‌సేల్ షాపులోనో పనిచేసేవాళ్లకు ఈమధ్య తరచూ తగులుతున్న పని ఒకటుంది: "మన ఏరియాలన్నీ పిన్‌కోడ్ వారీగా మ్యాపు మీద పెట్టివ్వు." ఆర్డర్ల ఎక్సెల్ షీటు చేతిలోనే ఉంటుంది. ప్రతి చిరునామా చివరా ఆరంకెలుంటాయి. ఆ కోడ్ ఏ కాలవ గట్టున మొదలై ఏ రోడ్డు దగ్గర ఆగుతుందో చెప్పే గీత మాత్రం ఉండదు.

పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. దాని హద్దులు అధికారికంగా అందరికీ అందడానికి యాభై ఏళ్లు దాటింది. ఈలోపు చాలామంది పోస్టాఫీసులను చుక్కలుగా పెట్టి, ఒక్కో చుక్కకు దగ్గరగా ఉన్న నేలంతా దానిదేనని కంప్యూటర్ చేత గీయించేవారు. విజయవాడలో ఈ పద్ధతి నడవదు. వన్‌టౌన్‌కు, సీతానగరానికి నడుమ కృష్ణానది ఉందని ఆ లెక్కకు తెలియదు. ఇవతల 520తో మొదలయ్యే కోడ్లు, అవతల తాడేపల్లి 522501.

2025 మే 27న తపాలా శాఖ 'నో యువర్ పిన్‌కోడ్' యాప్ తెచ్చింది. దేశంలోని పిన్‌కోడ్ హద్దులన్నిటినీ జియోజేసన్ ఫైలుగా డేటా డాట్ గవ్ డాట్ ఇన్ సైట్లో పెట్టింది. అక్కడ ఇంగ్లీషులో 'ఆల్ ఇండియా పిన్‌కోడ్ బౌండరీ' అని వెతికితే దొరుకుతుంది. అదే రోజు వచ్చిన డిజిపిన్ వేరు. అది ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి ఎన్ఆర్ఎస్సీ సాయంతో చేసిన పదక్షరాల కోడ్. దాదాపు నాలుగు మీటర్ల గడిని చూపిస్తుంది. ఏరియాలు పంచుకునే పనికి అది అక్కర్లేదు.

ఫైలు దేశం మొత్తానిది, బరువైనది. నోట్‌ప్యాడ్‌లో తెరవబోతే సిస్టమ్ బిగుసుకుపోతుంది. ఉచితంగా దొరికే మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో తెరవండి. తెరవగానే చేయాల్సింది మీకు కావలసిన ముక్క కోసుకోవడం. అసలు తప్పు జరిగేది ఇక్కడే. చాలామంది జిల్లా పేరుతో కోస్తారు.

పిన్‌కోడ్ జిల్లాను చూసి పుట్టలేదు, ఉత్తరాలు పంచే దారిని చూసి పుట్టింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పిన్‌కోడ్లు మాత్రం కదల్లేదు. విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా వచ్చింది కదా అని 520తో మొదలయ్యేవి మాత్రమే తీసుకుంటే నందిగామ (521185), జగ్గయ్యపేట (521175) ఎగిరిపోతాయి. కృష్ణా జిల్లా అంటే 521 మొత్తం అనుకుంటే, ఆ విభజనలో ఏలూరు జిల్లాకు వెళ్లిన నూజివీడు (521201), కైకలూరు (521333) కూడా వచ్చి పడతాయి. రేపల్లె 522265, గుంటూరు కోడ్ వరసే, జిల్లా మాత్రం బాపట్ల అయింది. ఫైల్లో కనిపించే డివిజన్ పేరు కూడా తపాలా డివిజనే. గుడివాడకు, మచిలీపట్నానికి విడివిడిగా డివిజన్లున్నాయి. వాటిని రెవెన్యూ డివిజన్లనుకుంటే మొదటికే మోసం. నా మాట వింటే, జిల్లా సంగతి పక్కనపెట్టి మీ ఆర్డర్ షీటులో వచ్చిన కోడ్ల జాబితా తయారుచేసుకోండి. ఆ జాబితాతోనే కోయండి.

షీటును మ్యాపుతో కలిపేటప్పుడు ఒక పక్క కోడ్ సంఖ్యగా, మరో పక్క అక్షరంగా ఉంటే ఏదీ జతపడదు. రెండూ అక్షరంగా మార్చండి. ఊళ్ల పేర్ల కోసం అదే సైట్లోని పిన్‌కోడ్ డైరెక్టరీని కలిపేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. అందులో వరస పోస్టాఫీసుకు ఒకటి, పిన్‌కోడ్‌కు ఒకటి కాదు. పల్లెల వైపు ఒకే కోడ్ కింద బ్రాంచి ఆఫీసులు ఎన్నో ఉంటాయి. ఉన్నదున్నట్టు కలిపితే ఒకే గీత పదిసార్లు పడి, అమ్మకాల లెక్క పదింతలవుతుంది. ముందు కోడ్‌కు ఒక వరస మిగిల్చి, తర్వాత కలపండి.

ఇక ఫైలు రకం మార్పిడి. ఆఫీసు వాడకానికి జియోప్యాకేజీగా దాచుకోండి, ఒకటే ఫైలు. షేప్‌ఫైలే కావాలని పట్టుబట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. అది నాలుగైదు ఫైళ్ల గుంపు, ఒక్కటి తప్పిపోయినా చిక్కే. కాలమ్ పేరు పది అక్షరాలు దాటితే కత్తిరించేస్తుంది. తెలుగు పేర్లుంటే యూటీఎఫ్-8 ఎంచుకోకపోతే గజిబిజి అక్షరాలు మిగులుతాయి. ఫోన్లో గూగుల్ ఎర్త్‌లో చూడాలంటే కేఎంఎల్. విస్తీర్ణం కొలవాలంటే డిగ్రీల్లో ఉన్న హద్దులను ముందు యూటీఎం 44 ఉత్తర జోనులోకి, అంటే క్యూజీఐఎస్‌లో 32644 నంబరున్న దానిలోకి మార్చండి. జియోజేసన్‌లో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. తారుమారైతే 80.6, 16.5 దగ్గరుండాల్సిన విజయవాడ ఆర్కిటిక్‌లో స్వాల్‌బార్డ్ పక్కన తేలుతుంది.

ఫైలు తేలిక చేయడానికి క్యూజీఐఎస్‌లోని మామూలు 'సింప్లిఫై' వాడకండి. అది రెండు పొలాల మధ్య ఉన్న ఒకే గట్టును ఎవరి పొలం వైపు నుంచి వాళ్లు విడిగా చెక్కినట్టు చేస్తుంది. మధ్యలో సందులు పడతాయి. మ్యాప్‌షేపర్ అనే ఉచిత సైటు ఉమ్మడి గట్టును ఉమ్మడిగానే సన్నం చేస్తుంది. గీతలు ఒకదానిమీదొకటి పడి లోపాలు చూపిస్తే ముందు 'ఫిక్స్ జామెట్రీస్' నడపండి.

మ్యాపు అడుగున 'తపాలా శాఖ, భారత ప్రభుత్వం' అని, డౌన్‌లోడ్ చేసిన తేదీ వేయండి. 2017లో వచ్చిన ప్రభుత్వ ఓపెన్ డేటా లైసెన్సు వాణిజ్య వాడకాన్ని కూడా ఒప్పుకుంటుంది కానీ మూలం చెప్పమంటుంది. ప్రింటు తీశాక మేనేజరుకంటే ముందు డెలివరీ కుర్రాళ్లకు చూపించండి. దివిసీమ లంకల్లో, కొల్లేటి అంచుల్లో ఏ ఊరికి ఉత్తరం ఎటునుంచి వస్తుందో వాళ్లకే తెలుసు. గీత తప్పని వాళ్లంటే ఆ కోడ్‌ను షీటులో గుర్తుపెట్టి, తపాలా శాఖ యాప్‌లోనే ఫీడ్‌బ్యాక్ పంపండి.