బీల ఫైలు కదిలే రోజుకు ముందే

పలాస, టెక్కలి వైపు గ్రామ సచివాలయంలో పంచాయతీ కార్యదర్శిగానో, వీఆర్వోగానో, సర్వేయరుగానో కొత్తగా చేరినవాళ్లకు పైవాళ్లు మొదట చెప్పేది ఇంటి పన్ను, పింఛన్లు, రీసర్వే గడువులు. ఊరుమ్మడి భూమి సంగతి ఎవరూ ఎత్తరు. దాని ఫైలు ఏళ్ల తరబడి కదలదు. కదిలిందంటే మాత్రం పొద్దున్నే ఫోను వస్తుంది, సాయంత్రంలోగా రిపోర్టు పంపమంటారు. ఆ హడావుడిలో మీరు రాసే రెండు వాక్యాలకు ఊరు చాలాకాలం జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

సోంపేట బీల గొడవ ఇక్కడ అందరికీ తెలుసు. అందులో కాగితం ఏం చేసిందో గమనించినవాళ్లు తక్కువ. నీరు నిలిచే ఆ పల్లపు నేల చుట్టుపక్కల ఊళ్లకు చేప, మేత, సాగునీరు ఇచ్చేది. నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటుకు అందులో 970 ఎకరాలకు పైగా కేటాయించారు. కాగితాల్లో మాత్రం అది బంజరు, పనికిరాని నేల. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్లాంటు అనుమతిని కొట్టేసింది. అది బంజరు కాదు, చిత్తడి నేల అన్నదే అక్కడ అసలు వాదన. ఏడు నెలలు దాటాక, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర అనే చిత్తడి నేలలో కడుతున్న థర్మల్ ప్లాంటు గొడవలో వడ్డితాండ్ర దగ్గర మళ్లీ కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు.

ఇప్పుడు మూలపేటలో పోర్టు వస్తోంది, పలాస దగ్గర కార్గో ఎయిర్‌పోర్టు అంటున్నారు. కావాలా వద్దా అన్నది తేల్చడం మీ పని కాదు. నేల మీద ఏముందో అది రికార్డులో ఉండేలా చూడడం మీ పనే, అదీ ప్రతిపాదన రాకముందే.

ముందు పాత రికార్డు తీయండి. మందస, టెక్కలి ఒకప్పటి జమీందారీలు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే సర్వే, సెటిల్‌మెంటు జరిగిన ఊళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. ఆ ఊళ్లకు మూలం సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. కంప్యూటర్ అడంగల్‌లో ‘ప్రభుత్వ భూమి’ అని మాత్రమే ఉన్నచోట, పాతదాని రిమార్కుల గడిలో మేత పోరంబోకు అనో, చెరువు అనో, శ్మశానం అనో కనబడొచ్చు. రీసర్వేలో సర్వే నంబరు పోయి ల్యాండ్ పార్సెల్ మ్యాప్ (ఎల్‌పీఎం) నంబరు వచ్చేటప్పుడు ఆ మాట జారిపోకుండా చూసుకోండి. పాత పేజీ నకలు ఒకటి పంచాయతీలో ఉంచండి.

రెండోది, ఏది ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవడం. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం పశువుల మేత భూములు, కళ్లాలు, శ్మశానాలు, మందబయళ్లు, బండ్ల స్టాండ్లు, తోపులు పంచాయతీవి. ప్రభుత్వానికి కావాలంటే తీసుకోవచ్చు, కానీ దానికి గెజిట్ నోటిఫికేషన్ ఉండాలి. ఫోనులో ‘స్వాధీనం చేసెయ్యండి’ అంటే, నోటిఫికేషన్ నంబరు తెలుపమని మర్యాదగా ఒక లెటరు పెట్టండి. లెటరు పెట్టినందుకు ఉద్యోగం పోదు. బీల, తంపర ఆ జాబితాలో పేరుపెట్టి లేవు. అందుకే ‘రెవెన్యూది, మనకెందుకు’ అని పంచాయతీ, ‘ఖాళీదే కదా’ అని రెవెన్యూ, ఇద్దరూ వదిలేస్తారు.

స్థల తనిఖీ దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. మే నెలలో బీలకు వెళ్తే నెర్రెలిచ్చిన నేల, నాలుగు మేకలు కనిపిస్తాయి. ‘ఖాళీగా ఉన్నది’ అని రాయడం తేలిక, అబద్ధం కూడా కాదు. అక్టోబరు, నవంబరుల్లో వెళ్తే అక్కడే మోకాళ్లలోతు నీళ్లు, వలలు, పడవలు. కాబట్టి రిపోర్టులో నెల, తేదీ రాయండి. వానలు తగ్గకముందు ఒకసారి, ఎండల్లో ఒకసారి జియోట్యాగ్ ఫొటోలు తీసి ఫైల్లో పెట్టండి. ఎవరు వల వేస్తున్నారు, ఏ ఊరి పశువులు వస్తున్నాయి, నీరు ఎటు పోతోంది, ఇవి పంచనామాలో ఉండాలి. 2013 భూసేకరణ చట్టం, సేకరణకు ముందు మూడేళ్లుగా నీటి వనరు మీదే ప్రధానంగా బతికే మత్స్యకార కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబంగానే లెక్కిస్తుంది, పట్టా లేకపోయినా సరే. అది రుజువు చేసుకోవడానికి వాళ్లకు మీ పంచనామా తప్ప వేరే కాగితం ఉండకపోవచ్చు.

ఇక తీర్మానం పుస్తకం. ముందు సంతకాలు, తర్వాత తీరిగ్గా తీర్మానం రాసే అలవాటు ఎంతమందికి ఉందో అందరికీ తెలుసు. ఉమ్మడి భూమి విషయంలో ఆ అలవాటు మానండి. సర్వే నంబరు, విస్తీర్ణం, ఎవరికి, దేనికి, ఎంతకాలానికి అన్నవి రాసి, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకాలు తీసుకోండి. చివరి వాక్యానికీ మొదటి సంతకానికీ మధ్య ఖాళీ ఉంటే గీత కొట్టండి. 2018 ఆగస్టు నుంచి 2021 ఎన్నికల దాకా పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. తీర్మానం చెయ్యడానికి ఎన్నికైన సభ్యులు లేని అలాంటి కాలంలో వచ్చే ఉమ్మడి భూమి ఫైలును గ్రామసభకు పెట్టకుండా పంపకపోవడమే మేలు.

బీల ఒక్క పంచాయతీది కాదు. ఒక ఊరు తీర్మానం ఇచ్చినా పై ఊరి మురుగు, కింది ఊరి చేప ఆ బీలలోనే ఉంటాయి. హద్దు పంచుకునే పంచాయతీల కార్యదర్శుల ఫోను నంబర్లు దగ్గరుంచుకోండి. వాళ్లకూ ఆ భూమి గురించే లేఖ వచ్చిందేమో కనుక్కోండి. ఒకే బీలను ఒకరు మేత భూమి అని, ఇంకొకరు బంజరు అని రాస్తే పైన బంజరే నిలబడుతుంది.

పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ వస్తే, 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం ముప్పై రోజుల ముందు నోటీసు ఉండాలి. ప్రాజెక్టు నివేదిక కాపీ పంచాయతీకి వస్తుంది. దాన్ని బీరువాలో పెట్టి తాళం వెయ్యకండి, చూడవచ్చినవాళ్లకు బల్ల మీద పెట్టండి. మీ పంచనామా నకలు సభ రోజే రాతపూర్వకంగా దాఖలు చెయ్యండి. సభ చివర మినిట్స్ తెలుగులో చదివి వినిపించి, అదే రోజు సంతకం చెయ్యాలి. జనం లేచిపోయేలోపే చదవమని అడగండి, మీ ఊరి సర్వే నంబరు అందులో ఉందో లేదో చెవిపెట్టి వినండి. లేకపోతే అక్కడికక్కడే చేర్పించండి.