బసకు వచ్చినవారి భద్రత – యజమాని బాధ్యత

బాటసారికి నీడయు నీరును కల్పించుట మన దేశమున పుణ్యకార్యముగా భావింపబడుచున్నది. సత్రము కట్టించిన దాతను అందరము కొనియాడుదుము. కాని రుసుము పుచ్చుకొని గది యిచ్చు లాడ్జి, భోజనము పెట్టు హోటలు, పెండ్లిండ్లకు అద్దెకిచ్చు కల్యాణమండపము దానధర్మముల క్రిందికి రావు. అవి వ్యాపారములు. అచ్చటికి వచ్చినవారి భద్రతకు యజమాని చట్టరీత్యా బాధ్యుడు. విజయవాడనుండి ఇబ్రహీంపట్నము మీదుగా తిరువూరు, భద్రాచలములకు పోవు రహదారిపై నున్న మైలవరము వంటి ఊళ్ల పంచాయతీ సభ్యులు ఈ సంగతిని చక్కగా తెలిసికొనవలసియున్నది.

ఈ బాధ్యత నిన్న మొన్న పుట్టినది కాదు. 1867లో చేయబడిన సరాయిల చట్టము, బాటసారుల విడిదులను నడుపువారు గోడలను, కప్పులను, మురుగుకాలువలను మరమ్మతులో ఉంచవలెననియు, నీటి బావులను శుభ్రపరుపవలెననియు, కావలివారిని నియమింపవలెననియు, అద్దెల పట్టికను కనబడునట్లు ప్రదర్శింపవలెననియు విధించినది. దొంగలు లోనికి దూరుటకు ఉపకరించు చెట్ల కొమ్మలను సైతము తొలగింపవలెను! ఆ చట్టమును వ్రాసినవారు విడిదులలో పరుండి యెరిగినవారే కాబోలు.

నేడు పెక్కు హోటళ్లలో ‘మీ వాహనములకు మీరే బాధ్యులు’ అను బోర్డు కానవచ్చును. అది తగిలించినంతనే తమ పూచీ తీరినదని యజమానులు తలంతురు. ఢిల్లీలోని తాజ్ మహల్ హోటలు వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2019 నవంబరు 14న ఇచ్చిన తీర్పు ఈ భ్రమను తొలగించినది. 1998లో ఒక అతిథి తన కారును, తాళపుచెవిని హోటలు సిబ్బందికి అప్పగించి లోనికి వెళ్లెను. తిరిగి వచ్చునప్పటికి కారు లేదు, ఎవరో తోలుకొనిపోయిరి. అతనికిచ్చిన చీటిపై, నష్టమునకు హోటలు బాధ్యత వహింపదను షరతు కలదు. అయినను కోర్టు ఆ వాదమును అంగీకరింపలేదు. సొత్తును అప్పగించినట్లు రుజువైన పిమ్మట, అది పోవుట తమ అజాగ్రత్తవలన కాదని నిరూపించు భారము హోటలుదే యనియు, సొంత అజాగ్రత్తను షరతు చాటున దాచుకొనరాదనియు చెప్పెను. దీనికి మూలము 1872 నాటి కాంట్రాక్టు చట్టము. వివేకము గలవాడు తన వస్తువును చూచుకొనునట్లే, అప్పగింపబడిన వస్తువును చూచుకొనవలెనని అందు గలదు. తాళపుచెవి తనయొద్దనే ఉంచుకొని, వాహనమును వీధిలో నిలిపినవానికి మాత్రము ఈ తీర్పు అంతగా తోడ్పడదు.

సొత్తు మాట యిట్లుండగా, ప్రాణముల విషయమున బాధ్యత మరింత బరువైనది. 2020 ఆగష్టు 9న తెల్లవారుజామున, విజయవాడలో కోవిడ్ చికిత్సా కేంద్రముగా వాడబడుచుండిన స్వర్ణ ప్యాలెస్ హోటలులో మంటలు లేచి పదిమంది మరణించిరి. పొగ క్రమ్మిన భవనములో రోగి తనంతట దారి వెదకికొనలేడు. ఆ దారిని ముందుగనే సిద్ధపరచి ఉంచవలసినవాడు భవనమును నడుపువాడే.

నష్టపడిన అతిథి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద, రెండేండ్లలోపల జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. కాని నష్టము జరుగకమునుపే చేయదగినది కొంత కలదు. కట్టడపు అనుమతికో, వ్యాపారపు లైసెన్సుకో యజమానులు పంచాయతీకి వచ్చుచుందురు. అట్టి సమయమున సభ్యులు స్వయముగా పోయి, పై అంతస్తునుండి దిగుటకు రెండవ మెట్లు కలవా, వాని తలుపునకు తాళము వేసియున్నదా, నీటితొట్టికి మూత కలదా యని చూచుట మేలు. వందలాది జనము కూడు మండపమునకు ఒకటే ద్వారముండి, ఆ ద్వారమువద్దనే గ్యాసు సిలిండర్లు పేర్చియున్నచో, ఆ సంగతిని తీర్మానముల పుస్తకమున కెక్కించి అగ్నిమాపకశాఖకు వ్రాయవచ్చును.