ఉంగరం ఒకరికి, సింహాసనం ఇంకొకరికి



మా మధురానగర్‌లో ఇళ్ళ ఆశీర్వాదానికి వెళ్ళినప్పుడు ఒక మాట తరచుగా చెవిన పడుతుంది: "ఫాదర్, నాన్నగారు బ్రతికుండగానే నిజం చెప్పి ఉంటే ఈ గొడవ వచ్చేది కాదు." పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టే చోట ఈ మాట మరీ ఎక్కువ. అది విన్నప్పుడల్లా నాకు చంద్రగిరి కోట గుర్తుకు వస్తుంది.

1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు పెనుకొండకు, అక్కడి నుండి చంద్రగిరికి, చివరకు వేలూరుకు తరలిపోయారు. 1586 నుండి 1614 వరకు ఏలిన వేంకటపతి రాయలు 1598లో యేసుసభ గురువులను తన ఆస్థానంలో ఆదరించారు. ఆ సభకు చెందిన మనుయేల్ బర్రాదాస్ 1616 డిసెంబరులో కొచ్చి నుండి వ్రాసిన లేఖ వల్లనే ఈ కథ ఇంత వివరంగా మనకు దక్కింది.

రాయలవారికి సంతానం లేదు. రాణులలో ఒకరైన బాయమ్మ గర్భవతినని నటించి, ఒక బ్రాహ్మణ స్త్రీ కన్న బిడ్డను తెప్పించి తన బిడ్డగా చూపించిందని బర్రాదాస్ వ్రాశారు. రాయలవారికి సంగతి తెలుసు. అయినా రాణి మీది ప్రేమతో తెలియనట్టే ఉండి పండుగ చేయించారు. యువరాజుకు పెట్టే పేరే పెట్టారు. పద్నాలుగేళ్ళు రాగానే పెళ్ళి కూడా చేశారు. కాని కొడుకుగా ఏనాడూ చూడలేదు, చంద్రగిరి నగరు దాటనివ్వలేదు. అబద్ధమని నలుగురిలో అనలేదు, నిజమని ఒప్పుకోనూ లేదు. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికంటే పెద్ద తప్పు ఈ మౌనమే.

మరణానికి మూడు రోజుల ముందు అన్నగారి కుమారుడు శ్రీరంగ రాయలను పిలిచి రాజ్యపు ఉంగరం ఇవ్వబోయారు. శ్రీరంగడు ఏడుస్తూ వద్దన్నాడట. సామంతుల ముందు ఆయనకే ఇచ్చారు. అప్పటికే ఆలస్యమైంది. రాణి పుట్టింటివారు గొబ్బూరి వారు; వారిలో ప్రబలుడైన జగ్గరాయడు శ్రీరంగ రాయలను కుటుంబంతో సహా చెరబట్టి, ఆ కుర్రవాణ్ణి రాజుగా నిలబెట్టాడు. సామంతులు ఒక్కొక్కరే తలవంచారు. వెలుగోటి యాచమ నాయకుడు వంచలేదు. శ్రీరంగని రెండవ కుమారుడు, పన్నెండేళ్ళ రామదేవుణ్ణి ఒక చాకలి బట్టల మూటలో దాచి కోట దాటించాడు. ఆ చాకలి పేరు ఎవరూ వ్రాసిపెట్టలేదు! తరువాత శ్రీరంగ రాయలు, భార్య, మిగిలిన పిల్లలు చెరలోనే చనిపోయారు. 1616లో కావేరి తీరాన తోపూరు వద్ద జరిగిన యుద్ధంలో జగ్గరాయడు హతుడయ్యాడు. కుర్రవాడు యాచమకు చిక్కాడు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. బర్రాదాస్ చెప్పింది దూరాన ఉండి విన్న సంగతి. తోపూరు యుద్ధాన్ని వర్ణించిన రామభద్రాంబ యాచమకు తోడు నిలిచిన తంజావూరు రఘునాథ నాయకుని ఆస్థాన కవయిత్రి. అంటే మనకు దక్కింది గెలిచినవారి పక్షం మాటే. ఆ కుర్రవాని మాట ఎక్కడా లేదు. అబద్ధం అతనిది కాదు, ఆశా అతనిది కాదు. పొత్తిళ్ళలో ఉండగానే ఇతరులు మోపిన బరువు.

ఇంగ్లండులోనూ ఇలాంటిదే జరిగింది. 1487లో లాంబర్ట్ సిమ్నెల్ అనే పదేళ్ళ పిల్లవాణ్ణి వార్విక్ ప్రభువని చెప్పి డబ్లిన్‌లో పట్టం కట్టారు. వాడికి రాజసం నేర్పి తయారుచేసింది ఒక గురువే అని చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. స్టోక్ యుద్ధంలో ఆ పక్షం ఓడిపోయింది. ఏడవ హెన్రీ మాత్రం పిల్లవాణ్ణి చంపించలేదు. తప్పు పెద్దలదని గ్రహించి వంటశాలలో పని ఇచ్చాడు.

ఇక మన వైపు తోపూరుతో పోరు ఆగలేదు. జగ్గరాయని తమ్ముడు ఎతిరాజు కొన్నేళ్ళు పోరాడుతూనే ఉన్నాడు. చివరకు రామదేవ రాయలు ఆ ఎతిరాజు కుమార్తెనే పెళ్ళాడి సంధి చేసుకున్నాడు. తన తల్లిదండ్రులు ఎవరి చెరలో చనిపోయారో ఆ ఇంటి అమ్మాయే రాణి అయింది.